ఒకే సైలేజ్‌కి రెండు ల్యాబుల్లో టీడీఎన్ 58, 64: ఏది నమ్మాలి?

మీరు అడిగింది ఇదీ: ఒకే మొక్కజొన్న సైలేజ్ (గాలి తగలకుండా పులియబెట్టి నిల్వచేసిన పచ్చిమేత) రెండు సంచుల్లో పెట్టి రెండు ల్యాబులకి పంపారు, ప్రోటీన్ రెండిట్లోనూ 8 చుట్టుపక్కలే వచ్చింది, ఎన్‌డీఎఫ్ (కణం గోడల పీచు) ఒకచోట 50 ఇంకోచోట 51, కానీ టీడీఎన్ (మొత్తం అరిగే పోషకాలు) మాత్రం ఒకరు 58 అన్నారు ఇంకొకరు 64 అన్నారు, ఇద్దర్లో ఎవరో తప్పు చేశారు కదా అని. నేను 18 ఏళ్ళుగా మేత ల్యాబులోనే పనిచేస్తున్నా, ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నా జవాబు ఏంటంటే ఇద్దరూ తమ పని సరిగ్గానే చేసి ఉండొచ్చు. టీడీఎన్ అనేది ఏ ల్యాబులోనూ కొలిచేది కాదు, లెక్కగట్టేది. వేరే ఏవో నాలుగైదు కొలిచి, వాటిని ఒక సూత్రంలో వేసి తీసిన అంకె అది. సూత్రం మారితే అంకె మారుతుంది. కాబట్టి ఏ ల్యాబు కరెక్ట్ అని కాకుండా, ఈ 58 దేన్ని కొలిచి వచ్చింది, ఈ 64 దేన్ని కొలిచి వచ్చింది అని అడగాలి.

ఆరు యూనిట్లే కదా అని వదిలెయ్యకండి, చాలా పెద్ద తేడా. కిలో టీడీఎన్‌కి 4.409 మెగాక్యాలరీల డైజెస్టబుల్ ఎనర్జీ (అరిగే శక్తి) కింద లెక్క, అందులో 82 శాతం మెటబాలిజబుల్ ఎనర్జీ (ఎంఈ, పశువు ఒంటికి అందే శక్తి) అనుకుంటాం. ఆ లెక్కన 58 అంటే కిలో పొడి పదార్థంలో సుమారు 8.8 మెగాజౌల్స్, 64 అంటే 9.7. ఆవు ఈ సైలేజ్ నుంచి రోజుకి 10 కిలోల పొడి పదార్థం తింటే తేడా 9 మెగాజౌల్స్, లీటరు ఆవుపాలకి సుమారు 5 మెగాజౌల్స్ కావాలి, అంటే కాగితం మీద దగ్గర దగ్గర రెండు లీటర్ల పాలు. గేదె పాలైతే వెన్న ఎక్కువ కాబట్టి లీటర్లలో ఇంకాస్త తక్కువ వస్తుంది. దాణా ఎంత వెయ్యాలో ఈ అంకె మీదే తేలుస్తారు కాబట్టి మీరు అడిగింది మంచి ప్రశ్న.

అసలు ఎనర్జీ ఎక్కడ పోతుందో ముందు చూద్దాం. గోధుమ గడ్డినీ మొక్కజొన్న గింజనీ విడివిడిగా బాంబ్ కెలోరీమీటర్‌లో పెట్టి కాలిస్తే ఇంచుమించు ఒకే వేడి వస్తుంది, కిలో పొడి పదార్థానికి 18 మెగాజౌల్స్ అటూ ఇటూగా. కానీ పశువుకి రెండూ ఒకటేనా? కాదు కదా. ఆ తేడా అంతా పేడలో ఉంది. గింజలో పేడలోకి పోయేది కొంచెమే, గడ్డిలో సగం దాకా పోతుంది. ఆ తర్వాత మీథేన్‌గా ఆరేడు శాతం, మూత్రంలో ఇంకో మూడు నుంచి ఐదు శాతం పోతాయి గానీ మేతకీ మేతకీ మధ్య అసలు తేడా పేడ దగ్గరే తేలిపోతుంది. అందుకే ఎనర్జీ విలువ అని ఎవరు ఏ పేరు పెట్టి ఇచ్చినా, టీడీఎన్ కానీ ఎంఈ కానీ ఎన్ఈఎల్ (పాలకి పనికొచ్చే నికర శక్తి) కానీ, దాని అడుగున ఉండేది డైజెస్టిబిలిటీయే, అంటే అరుగుదలే. ఎంత తింది, ఎంత బయటికి వచ్చింది.

దాన్ని నిజంగా కొలవాలంటే పశువు మీదే కొలవాలి. ఆ మేత ఒక్కటే పెట్టి రెండు వారాలు అలవాటు చేసి, తర్వాత వారం పది రోజులు తిన్న ప్రతి గ్రామూ, వేసిన ప్రతి పేడా తూకం వేసి, ఆరబెట్టి, పరీక్ష చెయ్యాలి. నేను గొర్రెల మీద ఈ పని చేశా. తెల్లవారకముందే లేచి సంచులు విప్పడం, ఒక్క పూట పేడ కింద ఒలికినా ఆ గొర్రె లెక్క పోవడం, తొట్టిలో మిగిల్చిన కాడల్ని కూడా ఏరి తూచడం, ఒక మేతకి నెల పట్టేది. రైతు పంపిన ప్రతి సంచికీ ఇది కుదరదు. అందుకే ల్యాబులో చేసేవన్నీ ఆ గొర్రెల లెక్కకి దగ్గరగా వెళ్ళడానికి వెతుక్కున్న దారులే. ఎవరి దారి ఎంత దగ్గరగా పోతుందన్నదే తేడా.

మొదటి దారి 1860లలో జర్మనీలో వీండె స్టేషన్‌లో హెన్నెబర్గ్, స్టోమాన్ వేసింది. తేమ, బూడిద, ప్రోటీన్, కొవ్వు, క్రూడ్ ఫైబర్, మిగిలింది ఎన్ఎఫ్ఈ (పిండి, చక్కెరల లాంటివని లెక్కగట్టే భాగం). ఇప్పటికీ చాలా రిపోర్టుల్లో క్రూడ్ ఫైబర్ కనిపిస్తుంది. దీనిలో లోపం ఏంటంటే ఆసిడ్‌లో, తర్వాత క్షారంలో మరిగించేటప్పుడు హెమీసెల్యులోజ్ (కణం గోడలోని ఒక రకం పీచు)లో చాలా భాగం, లిగ్నిన్ (మొక్కని గట్టిపరిచే చెక్క లాంటి పదార్థం)లో కొంత భాగం కరిగిపోయి, "తేలిగ్గా అరిగేది" అనుకునే ఎన్ఎఫ్ఈ ఖాతాలోకి వెళ్ళిపోతాయి. లిగ్నిన్ అసలు అరగనే అరగదు, అది వెళ్ళి మంచి ఖాతాలో కూర్చుంటే ముదిరిన గడ్డి కూడా లెక్కలో బాగానే కనపడుతుంది. మీ రిపోర్టులో క్రూడ్ ఫైబర్ నుంచే టీడీఎన్ తీశారని తెలిస్తే ముదురు మేతల విషయంలో దాన్ని నేను వాడను.

1960లలో పీటర్ వాన్ సోస్ట్ డిటర్జెంట్లతో ఈ చిక్కు విడదీశాడు. న్యూట్రల్ డిటర్జెంట్‌లో గంటసేపు మరిగిస్తే కణం లోపలి సరుకంతా కరిగి కణం గోడ మిగులుతుంది, అది ఎన్‌డీఎఫ్. ఆసిడ్ డిటర్జెంట్‌లో మరిగిస్తే హెమీసెల్యులోజ్ కూడా పోయి సెల్యులోజ్, లిగ్నిన్ మిగులుతాయి, అది ఏడీఎఫ్. దాన్ని 72 శాతం సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లో నానబెడితే లిగ్నిన్ మిగులుతుంది. పశువు ఎంత తినగలదో ఎన్‌డీఎఫ్ చెబుతుంది, 120 ని ఎన్‌డీఎఫ్‌తో భాగిస్తే శరీర బరువులో ఎంత శాతం తింటుందో మోటు లెక్క వస్తుంది, 50 అయితే 2.4 శాతం, 60 అయితే 2 శాతం. 500 కిలోల ఆవుకి 12 కిలోలకీ 10 కిలోలకీ ఉన్న తేడా అది.

ఇక్కడే మీ 58 పుట్టి ఉంటుందని నా అనుమానం. చాలా ల్యాబులు ఏడీఎఫ్ ఒక్కటే తీసుకుని, 88.9 లోంచి ఏడీఎఫ్‌ని 0.779 తో గుణించి తీసేసి జీర్ణమయ్యే పొడి పదార్థం అని ఇస్తాయి, టీడీఎన్‌కీ ఇలాంటి సూత్రాలే ఉన్నాయి. ఏడీఎఫ్ 38 అయితే 59, 33 అయితే 63. లెక్క తేలిక, పరీక్ష చవక, అందుకే అందరూ పట్టుకున్నారు. కానీ ఏడీఎఫ్ అరుగుదలని ఆపేది కాదు, మేత ముదిరేకొద్దీ ఏడీఎఫ్ పెరుగుతుంది, అరుగుదల తగ్గుతుంది, రెండూ ఒకే కారణం వల్ల పక్కపక్కన నడుస్తాయి, అంతే. పైగా ఈ సూత్రాలు ఎక్కువగా లూసర్న్ (ఒక పప్పుజాతి పశుగ్రాసం), గడ్డి ఎండుమేతల మీద నిలబడ్డవి. మీది మొక్కజొన్న సైలేజ్, అందులో గింజ ఉంది, గింజలోని పిండి ఎంత అరుగుతుందో ఏడీఎఫ్‌కి ఏం తెలుస్తుంది? ఒక్కో రకం మేతకి ఒక్కో సూత్రం ఉంటుంది, వాళ్ళు ఏది వేశారో అడగండి. వరిగడ్డికి ఇంకో తలనొప్పి, దానిలో సిలికా ఎక్కువ, అది ఏడీఎఫ్‌లో అలాగే మిగిలిపోతుంది కానీ న్యూట్రల్ డిటర్జెంట్‌లో కొంత కరుగుతుంది, దాంతో ఎన్‌డీఎఫ్‌లోంచి ఏడీఎఫ్‌ని తీసేసి హెమీసెల్యులోజ్ లెక్కగడితే తప్పుగా వస్తుంది.

64 ఇచ్చిన వాళ్ళు బహుశా పీచు అరుగుదలని విడిగా కొలిచి ఉంటారు, లేదా కనీసం లిగ్నిన్‌తో అంచనా కట్టి ఉంటారు. అరిగే ప్రోటీన్, అరిగే కొవ్వుని 2.25 తో గుణించి, అరిగే పిండి చక్కెరలు, అరిగే ఎన్‌డీఎఫ్, అన్నీ కూడి, పేడలో పశువు సొంతంగా కలిపే దానికోసం 7 తీసేసే లెక్క ఒకటుంది, వైస్ పద్ధతి అంటారు, 2001 నాటి ఎన్ఆర్‌సీ (అమెరికా జాతీయ పరిశోధనా మండలి) పాడి ఆవుల పోషణ పుస్తకంలో అదే పెట్టారు. అందులో మేతకీ మేతకీ తేడా తెచ్చేది ఎక్కువగా అరిగే ఎన్‌డీఎఫే. రెండు సైలేజ్‌లు, రెండిట్లోనూ ఎన్‌డీఎఫ్ 50, కానీ ఒకదానిలో ఆ పీచులో 45 శాతం అరుగుతుంది, ఇంకోదానిలో 60 శాతం. అంటే ఒకదాంట్లో 22.5 యూనిట్లు, ఇంకోదాంట్లో 30. ఏడున్నర యూనిట్ల తేడా, ఎన్‌డీఎఫ్ అంకె చూస్తే మాత్రం రెండూ కవల పిల్లలు. 1999లో ఓబా, అలెన్ అనే పరిశోధకులు చాలా ప్రయోగాల్ని కలిపి చూస్తే ఎన్‌డీఎఫ్ అరుగుదల ఒక్క యూనిట్ పెరిగితే ఆవు రోజుకి 0.17 కిలోల పొడి పదార్థం ఎక్కువ తిన్నది, 0.25 కిలోల పాలు ఎక్కువిచ్చింది. అందుకే నేను ఎవరికైనా ఒక్క పరీక్షకే డబ్బులున్నాయంటే ఎన్‌డీఎఫ్ డైజెస్టిబిలిటీ చేయించుకోమంటా.

దాన్ని ఎలా కొలుస్తారో చెబుతా, తేడాలు ఎక్కడ దూరతాయో అప్పుడే అర్థమవుతుంది. 1963లో ఇంగ్లండ్‌లోని హర్లీలో టిల్లీ, టెర్రీ పెట్టిన రెండు అంచెల పద్ధతి దీనికి మూలం. అర గ్రాము మేతపొడి, 10 మిల్లీలీటర్ల రూమెన్ (పశువు మొదటి పొట్ట) ద్రవం, 40 మిల్లీలీటర్ల కృత్రిమ లాలాజలం, గాలి తగలకుండా కార్బన్ డయాక్సైడ్ నింపి 38, 39 డిగ్రీల దగ్గర 48 గంటలు, తర్వాత ఆసిడ్ పెప్సిన్ (ప్రోటీన్‌ని అరిగించే ఎంజైమ్)లో ఇంకో 48 గంటలు. మిగిలింది అరగనిది. తర్వాత వాన్ సోస్ట్ వాళ్ళు రెండో అంచెలో పెప్సిన్ బదులు న్యూట్రల్ డిటర్జెంట్ పెట్టారు, అది సూక్ష్మజీవుల అవశేషాల్ని కూడా కడిగేస్తుంది కాబట్టి అంకె సుమారు 12 యూనిట్లు ఎక్కువ వస్తుంది. దాన్ని ట్రూ డైజెస్టిబిలిటీ అంటారు. ఒక రిపోర్టులో 62, ఇంకోదానిలో 74 చూసి కంగారుపడిన వాళ్ళని చాలామందిని చూశా, రెండూ ఒకే సరుకుకి రెండు పేర్లు. అలాగే గంటలు చూడాలి, 24, 30, 48 గంటల్లో ఏది? ఎక్కువసేపు ఉంచితే ఎక్కువ అరుగుతుంది. 30 గంటల అంకెని 48 గంటల అంకెతో పోల్చకూడదు.

ఈ పద్ధతికి గుండెకాయ ఆ రూమెన్ ద్రవం. పొట్టకి కన్నం పెట్టి మూత బిగించిన ఆవు నుంచి పొద్దున మేత వెయ్యకముందే తీస్తాం, ఒక్క ఆవు నుంచి కాకుండా రెండు మూడు ఆవుల నుంచి. చెయ్యి లోపలికి పెడితే వెచ్చగా, పైన గడ్డి చాప లాగా తేలుతుంటుంది, దాని కింద నుంచి పిడికెడు తీసి గుడ్డలో పిండాలి, ఎందుకంటే పీచుని తినే సూక్ష్మజీవులు ఎక్కువగా ఆ గడ్డికే అతుక్కుని ఉంటాయి, పైపైన నీళ్ళు తోడుకుంటే అవి రావు. ముందే వేడినీళ్ళు పోసి వేడిచేసిన థర్మాస్‌లో అంచు దాకా నింపి పరుగున ల్యాబుకి. ఒకసారి కొత్తగా వచ్చిన కుర్రాడు థర్మాస్ వేడిచెయ్యకుండా తెచ్చాడు, దారిలో ఆలస్యం కూడా అయింది. ఆ రోజు పెట్టిన బ్యాచ్ అంతా అరుగుదల ఆరేడు యూనిట్లు తక్కువ. ఎలా తెలిసిందంటే ప్రతి బ్యాచ్‌లో మేము ఎప్పుడూ ఒకే పాత ఎండుగడ్డి పొడి పెడతాం, దాని విలువ మాకు బాగా తెలుసు, అది పడిపోయింది. మొత్తం పారబోసి మళ్ళీ చేశాం. అందుకే ల్యాబుని ఎంచుకునేటప్పుడు "మీరు ప్రతి రన్‌లో స్టాండర్డ్ పెడతారా, అది ఎంత వచ్చింది" అని అడగండి. సూటిగా చెప్పే ల్యాబు మీద నాకు గురి కుదురుతుంది.

గ్యాస్ పద్ధతి నాకు బాగా ఇష్టం. జర్మనీలోని హోహెన్‌హైమ్‌లో మెంకె బృందం 1979లో పెట్టింది. 200 మిల్లీగ్రాముల మేతపొడి, రూమెన్ ద్రవం, బఫర్ (ఆమ్లత మారకుండా ఉంచే ద్రవం) కలిపిన మిశ్రమం 30 మిల్లీలీటర్లు పెద్ద గాజు సిరంజిలో పోసి 39 డిగ్రీల దగ్గర తిప్పుతూ ఉంచితే సూక్ష్మజీవులు తినే కొద్దీ గ్యాస్ వచ్చి పిస్టన్ పైకి జరుగుతుంది. 24 గంటలకి ఎన్ని మిల్లీలీటర్లో చదువుతాం. మంచి మేత సిరంజిలో పిస్టన్ నాలుగైదు గంటలకే కదిలిపోయి ఉంటుంది, ముదిరిన చొప్ప సిరంజి పొద్దుటి నుంచి ఉన్నచోటే ఉండి రాత్రికి నెమ్మదిగా లేస్తుంది. ఎంత అరిగిందనే కాదు, ఎంత వేగంగా అరిగిందో కూడా కంటికి కనపడుతుంది. ప్రోటీన్ నుంచి గ్యాస్ తక్కువ, కొవ్వు నుంచి దాదాపు రాదు, అందుకే ఎంఈ లెక్కలో గ్యాస్‌తో పాటు ప్రోటీన్ కూడా వేస్తారు. టానిన్లు (అరుగుదలకి అడ్డుపడే వగరు పదార్థాలు) ఉన్న చెట్ల ఆకులకైతే ఈ పద్ధతి ఇంకో మేలు చేస్తుంది, టానిన్లని పట్టేసే పాలీఇథిలిన్ గ్లైకాల్ కలిపి ఒక సిరంజి, కలపకుండా ఒకటి పెడితే, గ్యాస్ ఎంత పెరిగిందో చూసి టానిన్ ఎంత అడ్డుపడుతోందో తెలిసిపోతుంది.

నైలాన్ సంచి పద్ధతి, ఓర్స్‌కోవ్, మెక్‌డొనాల్డ్ 1979లో ఇచ్చిన సమీకరణంతో, వేగం తెలుసుకోవడానికి మంచిది. సంచుల్లో మేత పెట్టి రూమెన్‌లోనే వేలాడదీసి వేర్వేరు గంటలకి తీసి కడిగి తూస్తారు. సన్నపొడి రంధ్రాల్లోంచి జారిపోతే అది కూడా అరిగినట్టే లెక్కలోకి వస్తుంది, జాగ్రత్త. పెప్సిన్, సెల్యులేజ్ ఎంజైముల పద్ధతిలో ఆవుతో పని లేదు, రోజు రోజుకీ తేడా తక్కువ, ముదురు మేతలకి మాత్రం కాస్త నమ్మకం తక్కువ.

ఇక ఎన్ఐఆర్, అంటే కంటికి కనపడని పరారుణ కాంతితో చేసే పరీక్ష. నిమిషంలో రిపోర్ట్ వచ్చిందంటే అదే. కార్ల్ నోరిస్ వాళ్ళు 1976లో మేతల మీద చేసి చూపించారు. మిషన్ అరుగుదలని చూడదు, 1100 నుంచి 2500 నానోమీటర్ల కాంతి మేతపొడి మీద పడి ఎలా తిరిగొచ్చిందో చూసి, "ఇంతకుముందు ఇలా కనపడ్డ మేతలు రసాయన పరీక్షలో ఇంత వచ్చాయి కాబట్టి ఇది కూడా ఇంత" అంటుంది. వెనకాల వందల మేతల అసలు పరీక్షలు ఉంటే చాలా బాగా పనిచేస్తుంది, మీ మేత లాంటివి ఆ లెక్కలో లేకపోతే అంకె వస్తుంది గానీ నమ్మడానికి లేదు. మంచి సాఫ్ట్‌వేర్ ఈ శాంపిల్ నా పరిధిలో లేదు అని హెచ్చరిక ఇస్తుంది, ఆ హెచ్చరిక రిపోర్టులోకి వచ్చిందా లేదా అని అడగండి.

ఇంకో కారణం కూడా ఉండొచ్చు. అరుగుదల ఎప్పుడూ ఒకటే ఉండదు, పశువు ఎక్కువ తినేకొద్దీ మేత లోపల తక్కువసేపు ఉండి తక్కువ అరుగుతుంది. పాత ఎన్ఆర్‌సీ లెక్కల్లో శరీర పోషణకి కావలసిన దానికంటే ఒక్కో రెట్టు పెరిగేకొద్దీ సుమారు 4 శాతం తగ్గించేవారు. ఒక ల్యాబు తగ్గించకుండా పోషణ స్థాయిలో టీడీఎన్ ఇచ్చి, ఇంకోటి పాల ఆవుకి తగ్గించి ఇస్తే, 64 కాస్తా 58, 59 అయిపోతుంది. మీ విషయంలో ఇదే జరిగి ఉన్నా నేను ఆశ్చర్యపోను.

ల్యాబుకి రాకముందే జరిగేది కూడా చెప్పాలి, నా అనుభవంలో ఎక్కువ తేడా అక్కడే పుడుతుంది. 50 టన్నుల సైలేజ్‌కి అర గ్రాము పొడి ప్రతినిధి, అంటే పదికోట్ల వంతుల్లో ఒక వంతు. మీరు రెండు సంచులు నింపేటప్పుడు పైనుంచి చెయ్యి పెట్టి పిడికెడు పైకి లాగారా? అలా లాగితే గింజలు వేళ్ళ సందుల్లోంచి జారి కిందకి పోతాయి, ఆకులు చేతిలో మిగులుతాయి. ఒక సంచిలో గింజ ఎక్కువ, ఇంకోదానిలో తక్కువ పడితే ల్యాబుల్ని అనడానికి లేదు. మీ రెండు ఎన్‌డీఎఫ్‌లు 50, 51 కాబట్టి ఈసారి అంత తేడా పడినట్టు లేదు, అయినా ఒకరు బూడిద తీసేసి లెక్కగట్టి ఇంకొకరు తియ్యకపోయి ఉంటే ఆ దగ్గరితనం కూడా యాదృచ్ఛికమే కావచ్చు. ఈసారి గుంట ముఖం అంతా అడ్డంగా గీసి, పదీ ఇరవై చోట్ల నుంచి తీసి, పట్టా మీద కుప్పపోసి బాగా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు ఉంచుకుని మళ్ళీ కలిపి, అలా చిన్నది చేస్తూ చివర్లో రెండు సంచులు చెయ్యండి. గాలి పిండేసి మూతికట్టి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. సైలేజ్‌ని 105 డిగ్రీల్లో ఆరబెడితే అందులోని ఆసిడ్‌లు, ఆల్కహాల్ కూడా ఎగిరిపోయి పొడి పదార్థం తక్కువ చూపిస్తుంది, పీచు పరీక్షకి 60 డిగ్రీలు దాటనివ్వకూడదు, ఎక్కువ వేడి తగిలితే ప్రోటీన్ పీచుకి అతుక్కుపోయి లిగ్నిన్ లాగా కనపడుతుంది. మెత్తగా పొడి చేసే జల్లెడ కూడా 1 మిల్లీమీటరా 2 మిల్లీమీటర్లా అన్నది అడగాలి, మరీ సన్నగా పొడిస్తే అంకె పెరుగుతుంది.

ఇప్పటికి మీ దాణా లెక్కకి ఏం చెయ్యాలంటే, ఏది పీచు అరుగుదలని కొలిచి తీసిన అంకెయో దాన్ని తీసుకోండి, అది ఏ ల్యాబుదైనా సరే. రెండూ ఏడీఎఫ్ సూత్రాలేనని తేలితే 58 తో మొదలుపెట్టి రెండు వారాలు పాలు, పేడ చూడండి. పేడలో పొడవాటి పీచు, విరగని గింజలు కనపడుతున్నాయా, కిందపడ్డ పేడ కుప్పలా నిలుస్తోందా జారిపోతోందా, పశువు ఒంటి కండ తగ్గుతోందా. అనుకున్నదానికంటే పాలు బాగుంటే దాణా కొద్దికొద్దిగా తగ్గించుకోవచ్చు, 64 అని నమ్మి ముందే తగ్గిస్తే ఈనిన కొత్తలో ఉన్న ఆవు ఒళ్ళు కరిగించుకుంటుంది, ఆ నష్టం వెంటనే కనపడదు, మళ్ళీ ఎదకి రావడం ఆలస్యమైనప్పుడు కనపడుతుంది.

రెండు రిపోర్టుల్లోనూ అడుగున చిన్న అక్షరాల్లో పద్ధతి రాసి ఉంటుంది, లేకపోతే ఫోన్ చేసి నాలుగే అడగండి: టీడీఎన్ ఏ సూత్రంతో తీశారు, ఎన్‌డీఎఫ్ డైజెస్టిబిలిటీ కొలిచారా ఎన్ని గంటలకి, ఎన్ఐఆర్‌తోనా తడి పరీక్షతోనా, పోషణ స్థాయిదా తగ్గించినదా. ఆ జవాబులతో పాటు లిగ్నిన్, బూడిద, పిండి శాతాలు కూడా ఇక్కడ పెట్టండి, రెండిట్నీ ఒకే సూత్రంలో వేసి నేనే లెక్కగట్టి చెబుతా.